సుత్తికి పగలని పాలీకార్బొనేట్ షీటు ఎగిరొచ్చిన జా దెబ్బకి ఎందుకు పగిలింది?

ఆటోనగర్_టర్నర్ | సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మాది బెజవాడ ఆటోనగర్‌లో చిన్న జాబ్‌వర్క్ షాపు. రెండు సీఎన్‌సీ లేత్‌లు, ఒక సెంటర్ లేత్. పోయిన వారం పాత సీఎన్‌సీ మీద జాబ్ నడుస్తుండగా చక్‌లో (జాబ్‌ని పట్టుకుని తిప్పే భాగం) సాఫ్ట్ జా, అంటే జాబ్‌ని పట్టే స్టీలు దవడ, దాని బోల్టు తెగింది. జా ఎగిరొచ్చి తలుపు కిటికీ మధ్యలో తగిలింది. ఆపరేటర్ కుర్రాడు అప్పుడు పక్క మిషన్ దగ్గర ఉన్నాడు, లేకపోతే ఏమయ్యేదో తల్చుకుంటేనే టెన్షన్ వస్తోంది. కిటికీ మూడు పెద్ద ముక్కలుగా చీలిపోయింది. జా బయటికొచ్చి గోడ పక్కన పడింది.

ఆ కిటికీ గాజు కాదు, 8 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్, అద్దంలా కనిపించే గట్టి ప్లాస్టిక్. షీటు అమ్మినాయన అప్పట్లో నా కళ్ల ముందే ఒక ముక్కని సుత్తితో ఎడాపెడా బాది చూపించాడు. గీత కూడా పడలేదు. నాకు అర్థం కానిది ఇంకొకటి ఉంది. పగిలిన ముక్కల్లో ఒకదాన్ని వైస్‌లో బిగించి వంచి చూశాను. విరగలేదు, చక్కగా వంగింది. వంగే సరుకు దెబ్బ తగలగానే వంగకుండా ఎందుకు పగిలిందో తెలిసినవాళ్లు చెప్పండి. రెండో మిషన్‌కీ అదే షీటు ఉంది.

చర్లపల్లి_మోల్డింగ్ | సోమవారం, రాత్రి 9:52

అన్నా, ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది చాలు.

నా అనుమానం షీటు మీదనే. పాలీకార్బొనేట్ అని చెప్పి, చూడ్డానికి అలాగే ఉండే పెళుసు ప్లాస్టిక్ అక్రిలిక్ అంటగట్టేవాళ్లు ఉన్నారు. అసలు సరుకే అయినా రీగ్రైండ్ (మళ్లీ నూరిన పాత ప్లాస్టిక్) ఎక్కువ కలిపినా, గుళికలు సరిగా ఆరబెట్టకపోయినా అంతే సంగతులు. మేము పాలీకార్బొనేట్ నడిపేటప్పుడు హాపర్ డ్రయ్యర్‌లో 120 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు పెట్టనిదే బారెల్‌లోకి వదలం. తేమ 0.02 శాతం దాటితే ఆ వేడికి నీళ్లే పాలిమర్ గొలుసుల్ని తెంపేస్తాయి. పార్ట్ చూడ్డానికి బాగానే ఉంటుంది, మహా అయితే వెండి చారలు కనిపిస్తాయి. కింద పడేస్తే మాత్రం టప్పున పగులుతుంది.

పగిలిన అంచు ఎలా ఉంది? తెల్లబడి సాగిందా, నున్నగా మెరుస్తోందా? పగులు ఎక్కడ మొదలైందో దొరికితే సగం పని అయినట్టే.

ఆటోనగర్_టర్నర్ | మంగళవారం, ఉదయం 7:30

అక్రిలిక్ కాదండీ. అక్రిలిక్ అయితే అంత వంగదు కదా.

పదింతలు చూపించే లెన్స్‌తో చూశాను. మొదలైంది కింది అంచులో ఒక స్క్రూ బెజ్జం దగ్గర. బెజ్జం అంచున చిటికెన వేలి గోరంత మేర అద్దంలా నున్నగా ఉంది. దాని చుట్టూ మసకగా ఒక పట్టీ. అది దాటాక గరుకుగా గీతలు గీతలుగా ఉంది. తెల్లబడిన గుర్తు గానీ, సాగిన గుర్తు గానీ లేదు.

ఇంకోటి గమనించాను. ఆ బెజ్జం చుట్టూ లోపలి వైపున, అంటే కూలెంట్ (కోత దగ్గర చల్లదనానికి పోసే ద్రవం) తగిలే వైపున, వెంట్రుక కన్నా సన్నటి గీతలు ఉన్నాయి. ఎదురుగా చూస్తే కనపడవు. ముక్కని లైటుకి ఏటవాలుగా పెడితే తళుక్కుమంటున్నాయి.

పాలిమర్_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 1:05

ఆటోనగర్ గారూ, మీరు చూసిన ఆ మూడు పట్టీలే ఇక్కడ అసలు సాక్ష్యం. పగులు మొదలైన చోట ఇంకా వేగం అందుకోలేదు కాబట్టి నున్నగా ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ ముఖం మసకబారుతుంది. ఇంకా పెరిగితే పగులు ఒక దారిలో నిలవలేక చిన్న చిన్న కొమ్మలుగా చీలుతుంది, అదే గరుకు. అక్రిలిక్ మీద 1990లలో చేసిన ప్రయోగాల్లో పగులు సెకనుకి సుమారు 340 మీటర్లు దాటగానే ఈ కొమ్మలు మొదలవడం కొలిచారు. మీ ముక్క మీద ఆ పట్టీల్ని గరుకు నుంచి నున్నటి వైపు వెనక్కి చదువుకుంటూ పోతే పుట్టిన చోటు దొరుకుతుంది. మీరు సరిగ్గా పట్టుకున్నారు.

ఇక వంగిందా, పగిలిందా అన్న ప్రశ్న.

ప్లాస్టిక్ అంటే పొడవాటి అణు గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్న ముద్ద. చిక్కుపడ్డ దారపు ఉండని నిదానంగా లాగితే పోగులు జారుకుంటూ వదులవుతాయి, ఒక్క గుంజు గుంజితే తెగుతాయి. ఇక్కడా గొలుసులు జారడానికి కొంత వ్యవధి కావాలి. మీరు వైస్‌లో వంచినప్పుడు ఆ వ్యవధి ఉంది. జా తగిలినప్పుడు లేదు.

కొంచెం లెక్కగా చెప్తాను. ప్రతి ప్లాస్టిక్‌కీ రెండు హద్దులు ఉంటాయి. ఒకటి, ఎంత ఒత్తిడికి శాశ్వతంగా సాగడం మొదలవుతుంది అన్నది. దీన్నే యీల్డ్ అంటాం. రెండోది, ఎంత ఒత్తిడికి పగులుతుంది అన్నది. ముందు ఏ హద్దు తగిలితే అదే జరుగుతుంది. చిక్కేమిటంటే, యీల్డ్ హద్దు వేగంతో పాటు పెరుగుతుంది. ఐరింగ్ అనే ఆయన 1936లో ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం వేగం పదింతలైన ప్రతిసారీ యీల్డ్ దాదాపు ఒకే మెట్టు పైకి పోతుంది. పాలీకార్బొనేట్‌ని నెమ్మదిగా లాగితే 60 మెగాపాస్కల్ దగ్గర సాగుతుంది. సెకనుకి తన పొడవుకి వెయ్యి రెట్ల చొప్పున ఆకారం మారేంత వేగంతో నొక్కితే అది 100 దాటుతుంది. పగిలే హద్దు మాత్రం వేగాన్ని అంతగా పట్టించుకోదు. ఒక వేగం దాటాక యీల్డ్ దాన్ని మించి పైకి పోతుంది. ఆపైన సాగడానికి వీల్లేదు, పగలాల్సిందే.

వేగం పెంచడం, చల్లబరచడం దాదాపు ఒకటే పని చేస్తాయి. 1955లో విలియమ్స్, లాండెల్, ఫెర్రీ అనే ముగ్గురు దీనికి సమీకరణం రాశారు. గాజు స్థితికి మారే ఉష్ణోగ్రత, అంటే ఏ వేడి కన్నా కిందికి పోతే ప్లాస్టిక్ గాజులా బిగుసుకుంటుందో ఆ గీత, దాని దగ్గర వేగం పదింతలైతే అది మొదటి అంచనాకి 3 డిగ్రీలు పైకి జరిగినట్టు లెక్క. మీరు చేత్తో వంచిన వేగానికీ గట్టి దెబ్బ వేగానికీ మధ్య పదివేల రెట్ల నుంచి లక్ష రెట్ల దాకా తేడా ఉంటుంది. పాలీప్రొపిలీన్‌ని తీసుకోండి. అది గాజులా మారేది సున్నా డిగ్రీలకి కాస్త కింద. దెబ్బ వేగంలో ఆ గీత పది డిగ్రీల పైకి వచ్చేస్తుంది. ఆదిలాబాద్ వైపు చలికాలం తెల్లవారుజామున బకెట్ జారిపడితే పగలడానికి, అదే బకెట్ మే నెలలో ఎన్నిసార్లు పడ్డా ఏమీ కాకపోవడానికి కారణం అదే.

కానీ ఇంతటితో మీ కిటికీ సంగతి తేలలేదు. పాలీకార్బొనేట్ గాజు గీత 147 డిగ్రీల దగ్గర ఉంది. ఆ లెక్కన గది వేడిలో అది గాజులాగే పగలాలి. పగలదు. ఎందుకంటే దాని గొలుసులో చిన్న చిన్న భాగాలు మైనస్ 100 డిగ్రీల దాకా కదులుతూనే ఉంటాయి. పైగా దాని గొలుసుల చిక్కులు చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి. మామూలు పాలీస్టైరీన్‌లో చిక్కులు దూరంగా ఉంటాయి కాబట్టి అది జారకుండా విచ్చుకుంటుంది, అక్కడే పగులు పుడుతుంది. అందుకే వేగం ఒక్కటే పాలీకార్బొనేట్‌ని పగలగొట్టలేదు. ఇంకేదో తోడై ఉండాలి. మీరు చెప్పిన తళుకు గీతలు చూస్తే నాకు అనుమానం అక్కడే. క్లాసుంది, సాయంత్రం మళ్లీ రాస్తాను.

బోరు_పైపులు | మంగళవారం, మధ్యాహ్నం 2:40

మాస్టారూ, మా పీవీసీ పైపులకీ ఇదే వర్తిస్తుందా? ఎండలో పడున్న పైపుని లారీ మీంచి దించేటప్పుడు అంచు నేలకి తగిలితే చివరి నుంచి మూడు నాలుగు అడుగుల మేర చీలిపోతుంది. అదే పైపు మీద మనిషి నిలబడినా ఏం కాదు.

డెట్రాయిట్_నుంచి | మంగళవారం, సాయంత్రం 6:20

నేను ఇక్కడ కారు విడిభాగాల టెస్ట్ ల్యాబ్‌లో పనిచేస్తాను. రోజూ పగలగొట్టడమే నా పని. మాస్టారు చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను, ఒక చోట విభేదిస్తాను.

ముందు ఆటోనగర్ గారు చక్ ఎంత వేగంతో తిరుగుతోందో, జా బరువెంతో చెప్పగలరా?

ఈలోగా విభేదం. వేగం పెరిగితే ఎప్పుడూ పెళుసుతనమే అనుకోకూడదు. మరీ వేగంగా కొడితే లోపల పుట్టిన వేడి బయటికి పోయే వ్యవధి కూడా ఉండదు. ఆ వేడికి సరిగ్గా దెబ్బ తగిలిన చోటే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. 1975లో కేంబ్రిడ్జిలో ఫుల్లర్, ఫాక్స్, ఫీల్డ్ అక్రిలిక్‌లో పరుగెత్తే పగులు కొన దగ్గర ఉష్ణోగ్రత కొలిస్తే దాదాపు 500 డిగ్రీలు పెరిగినట్టు తేలింది. పాలీకార్బొనేట్ షీటులోంచి తూటా దూసుకుపోతే మిగిలే బెజ్జం తూటా కన్నా చిన్నదిగా ఉండటం చూస్తాం. సాగి, కరిగినంత పనై, మళ్లీ మూసుకుంటుంది. అదే తూటా అక్రిలిక్‌ని ముక్కలు ముక్కలు చేస్తుంది.

దీనికి పూర్తి ఎదురు కేసు కూడా ఉంది. పాలీయూరియా అని ఒక రబ్బరు పూత. మామూలుగా మెత్తగా సాగుతుంది. దాన్ని స్టీలు ప్లేటు మీద పూసి బాగా వేగంగా కొడితే ఆ క్షణానికి అది రబ్బరు నుంచి గాజు స్థితికి మారుతుంది. ఆ మార్పులోనే చాలా శక్తిని మింగేస్తుంది. అమెరికా నేవీ పరిశోధనా ప్రయోగశాల వాళ్లు 2007లో ఇది చూపించారు. ఒకే సూత్రం, ఒకచోట కీడు, ఇంకోచోట మేలు. ఏ వేగంలో కొలిచామో చెప్పకుండా ఒక ప్లాస్టిక్‌ని గట్టిది, పెళుసు అనడంలో అర్థం లేదని నేను గట్టిగా నమ్ముతాను. మెటీరియల్ డేటా షీటులో ఒకే అంకె చూసి గ్రేడ్ ఎంచుకునేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

చర్లపల్లి_మోల్డింగ్ | మంగళవారం, సాయంత్రం 6:45

డెట్రాయిట్ అన్నా, మా కస్టమర్లు అడిగేదే ఆ ఒక్క అంకె. ఐజాడ్ ఎంత? అంతే.

డెట్రాయిట్_నుంచి | మంగళవారం, రాత్రి 7:10

ఐజాడ్, చార్పీ రెండూ లోలకం సుత్తితో నమూనాని కొట్టి, పగలడానికి ఎంత శక్తి పట్టిందో చూసే పరీక్షలే, వందేళ్లు దాటిన పద్ధతులు. చార్పీ 1901, ఐజాడ్ 1903. ఐజాడ్ సుత్తి తగిలే వేగం సెకనుకి సుమారు మూడున్నర మీటర్లు. మీటరు ఎత్తు నుంచి జారిపడిన ఫోను నేలని తాకేది నాలుగున్నర మీటర్ల వేగంతో. అంటే ఐజాడ్ ఇచ్చేది చేయి జారి పడిన వస్తువు స్థాయి సమాధానం. అంతకన్నా పైకి పోవాలంటే హాప్కిన్సన్ బార్ కావాలి, పొడవాటి కడ్డీలో ఒత్తిడి తరంగం పంపి కొలిచే పరికరం. బెర్ట్రమ్ హాప్కిన్సన్ 1914లో మొదలుపెట్టాడు, కోల్స్కీ 1949లో రెండు కడ్డీల మధ్య నమూనా పెట్టే పద్ధతికి తెచ్చాడు. అప్పుడే పాలిథిలీన్, అక్రిలిక్, రబ్బరు మీద కొలిచాడు.

ఐజాడ్‌లో ఇంకో మెలిక ఉంది. పాలీకార్బొనేట్ 3.2 మిల్లీమీటర్ల నమూనా గాటుతో సహా మీటరుకి 700 జౌళ్ల పైన చూపిస్తుంది. అదే గ్రేడ్, అదే గాటు, మందం 6.4 చేయండి. 150 లోపుకి పడిపోతుంది. కస్టమర్ అడిగిన అంకె ఏ మందం మీద తీశారో అడగండి.

ఆటోనగర్_టర్నర్ | మంగళవారం, రాత్రి 8:30

చక్ 2500 ఆర్‌పీఎం మీద ఉంది. జా తూకం వేశాను, 600 గ్రాములు. చక్ మధ్య నుంచి దాదాపు 90 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది.

మందం పెరిగితే బలం తగ్గుతుందా? నేను కొత్తది 12 మిల్లీమీటర్లది వేయిద్దాం అనుకుంటున్నాను!

డెట్రాయిట్_నుంచి | మంగళవారం, రాత్రి 9:05

90 మిల్లీమీటర్ల వ్యాసార్థం, నిమిషానికి 2500 చుట్లు: జా వదిలిన వేగం సెకనుకి 23 మీటర్ల పైన. గంటకి 85 కిలోమీటర్లు. శక్తి సుమారు 165 జౌళ్లు. అరకేజీ సుత్తిని చేత్తో సెకనుకి 6 మీటర్ల వేగంతో కొడితే 9 జౌళ్లు. అమ్మినాయన మీకు చూపించింది ఆ 9. వేగం సగమైతే శక్తి పావు వంతే అవుతుందని కూడా గుర్తుపెట్టుకోండి. పెద్ద చక్, బరువు జా ఉన్నప్పుడు ఆర్‌పీఎం తగ్గించడాన్ని మించిన రక్షణ లేదు.

మందం సంగతి మాస్టారు చెప్తే బాగుంటుంది.

పాలిమర్_మాస్టారు | మంగళవారం, రాత్రి 10:15

డెట్రాయిట్ గారి విభేదం సమంజసమే. సన్నటి పాలీకార్బొనేట్ చాలా దెబ్బల్ని సాగి తట్టుకుంటుంది.

12 మిల్లీమీటర్లు వద్దని ఎవరూ అనట్లేదు. గాటు లేని షీటుకి మందం పెరిగితే బలం పెరుగుతుంది. గాటు ఉన్నప్పుడే కథ మారుతుంది. సన్నటి షీటులో గాటు కొన దగ్గర పదార్థం పక్కలకి కుంచించుకుని సాగగలదు. మందం షీటు లోపలి భాగానికి ఆ వీలు ఉండదు, చుట్టూ ఉన్నదంతా దాన్ని మూడు వైపులకీ లాగి పట్టుకుంటుంది. జారడానికి చోటు లేక లోపల సూక్ష్మమైన ఖాళీలు తెరుచుకుంటాయి. ఆ ఖాళీల మధ్య సన్నటి పోగులు వంతెనల్లా నిలబడి ఉండే దాన్ని క్రేజ్ అంటారు. మీకు ఏటవాలు లైటులో తళుక్కుమన్నవి అవే. పోగులు తెగితే క్రేజ్ కాస్తా పగులు అవుతుంది.

మరి గాటు ఎక్కడి నుంచి వచ్చింది? మీ కిటికీలో ఒకటి కాదు, మూడు. స్క్రూ బెజ్జం అంచు ఒకటి. వేడి చిప్స్ తగిలి పడ్డ గీతలు రెండోది. మూడోది కూలెంట్. నీళ్లలో కలిపే కూలెంట్లు చాలావాటిలో అమీన్లు అనే క్షార గుణం ఉన్న రసాయనాలు ఉంటాయి. అమీన్లకీ క్షారాలకీ పాలీకార్బొనేట్ గొలుసు తెగుతుంది. పైగా షీటు బిగింపు ఒత్తిడిలో ఉన్నప్పుడు నూనెలు, ద్రావకాలు తగిలితే ఏ దెబ్బా లేకుండానే క్రేజ్‌లు లేస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. దెబ్బ కిటికీ మధ్యలో తగిలితే అంచున ఎందుకు చీలింది? నాలుగు వైపులా బిగించిన పలకని లోపలి నుంచి కొడితే మధ్యలో బయటి ముఖం సాగుతుంది, లోపలి ముఖం నొక్కుకుంటుంది. బిగించిన అంచుల దగ్గర ఇది తిరగబడుతుంది. అక్కడ సాగేది లోపలి ముఖం. కూలెంట్ జారి, రబ్బరు పట్టీ కింద చేరి, ఆరకుండా నానబెట్టేది ఆ ముఖాన్నే, ఆ అంచునే. స్క్రూ బెజ్జాలూ అక్కడే. ఒత్తిడి, గాటు, రసాయనం మూడూ ఒకే చోట కలిశాయి. ఆపైన దెబ్బ వేగం. మీరు వైస్‌లో వంచింది ఎక్కడి ముక్క? మధ్యలోదై ఉంటుంది. అక్కడ సరుకు ఇంకా బాగానే ఉంది, అందుకే వంగింది.

ఆటోనగర్_టర్నర్ | మంగళవారం, రాత్రి 10:40

మధ్య ముక్కేనండీ! రేపు అంచు ముక్కని చూస్తాను.

పాలిమర్_మాస్టారు | బుధవారం, ఉదయం 6:50

బోరు పైపుల గారూ, మీ ప్రశ్న మధ్యలో ఉండిపోయింది. పీవీసీ గాజు గీత 80 డిగ్రీల దగ్గర. ఎండకి పైపొర మాత్రమే చెడుతుంది, ఎంతో లోతుకి పోదు. కానీ ఆ పలచటి పెళుసు పొరలో పగులు మొదలైతే అది వేగం అందుకుని కింద ఉన్న మంచి సరుకులోకి దూసుకుపోతుంది. నిదానంగా మొదలైతే ఆగేది, పరుగుతో వస్తే ఆగదు. మనిషి నిలబడినప్పుడు బరువు నెమ్మదిగా పడుతుంది. అంచు నేలకి కొట్టుకున్నప్పుడు అలా కాదు. సున్నపురాయి పొడి ఎక్కువ కలిపిన పైపైతే ఇంకా తేలిగ్గా చీలుతుంది. పీవీసీ పైపుల భారత ప్రమాణం ఐఎస్ 4985లో దెబ్బ పరీక్షని సున్నా డిగ్రీల దగ్గర చేయమన్నది ఇందుకే. మన ఊళ్లో సున్నా ఎప్పుడూ రాదు గానీ, చల్లబరచి కొడితే వేగం పెంచినంత పని అవుతుంది.

బోరు_పైపులు | బుధవారం, ఉదయం 8:15

అర్థమైంది మాస్టారూ. ఎండ తగిలిన పైపుల్ని తెల్లబడ్డ చివర కోసి అమ్మితే సరిపోతుందనేవాళ్లు ఉన్నారు. ఎండ పైపు పొడవునా తగిలాక చివర కోస్తే ఏం లాభం. ఈసారి నుంచి షెడ్డులోనే పెట్టిస్తాను.

వాటర్ హామర్ సంగతి కూడా చెప్పండి. మోటారు ఆగగానే పైపులో ధడేల్మని కొడుతుంది.

డెట్రాయిట్_నుంచి | బుధవారం, ఉదయం 9:00

అదీ దెబ్బే, లోపలి నుంచి. నెమ్మదిగా పెరిగే పీడనానికి నిలిచే పైపు ఒక్కసారిగా వచ్చే పీడన తరంగానికి గీత ఉన్న చోట చీలొచ్చు. గ్యాస్ పైపుల్లో ఇంకా ప్రమాదం. పాలిథిలీన్ ఎంత మెత్తటిదైనా, గ్యాస్ పీడనం కింద ఒకసారి పగులు పరుగు అందుకుంటే సెకనుకి వంద మీటర్ల పైన వేగంతో పైపు వెంట పోతుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో దీని కోసమే ఎస్4 అనే పరీక్ష తయారుచేశారు.

రెండుచక్రాలు | బుధవారం, మధ్యాహ్నం 12:30

చదువుతుంటే నా హెల్మెట్ గుర్తొచ్చి భయమేసింది. దానిదీ పాలీకార్బొనేట్ షెల్. వెనక పెద్ద స్టిక్కర్ అంటించాను, జిగురు మరకలు పోవడానికి పెట్రోలుతో తుడిచాను. పడేయాలా?

పాలిమర్_మాస్టారు | బుధవారం, మధ్యాహ్నం 1:10

నాయనా, పడేయడమే మంచిది. పెట్రోలు, థిన్నర్ పాలీకార్బొనేట్ మీద ఏం చేస్తాయో పైన రాశాను. హెల్మెట్ షెల్ అచ్చులో చల్లబడేటప్పుడే లోపల ఎంతో కొంత ఒత్తిడి మిగిలిపోతుంది, ద్రావకం తగిలితే అక్కడే క్రేజ్‌లు లేస్తాయి. రంగు కింద అవి నీకు కనపడవు. బయటి షెల్ దెబ్బని విస్తరించి పంచాలి, లోపలి థర్మోకోల్ నలిగి శక్తిని మింగాలి. షెల్ చీలిపోతే దెబ్బంతా ఒక్క చోటే దిగుతుంది. హెల్మెట్ల భారత ప్రమాణం ఐఎస్ 4151 గుర్తు ఉన్నది కొనుక్కో. తుడవడానికి నీళ్లు, తేలికపాటి సబ్బు చాలు. విజర్‌కీ అంతే.

ఆటోనగర్_టర్నర్ | బుధవారం, రాత్రి 9:20

మాస్టారూ, అంచు ముక్కని వైస్‌లో పెట్టి, లోపలి ముఖం సాగేలా వంచాను. సగం కూడా వంగకముందే ఫట్‌మంది. అదే ముక్కలో మిగిలినదాన్ని తిప్పి, బయటి ముఖం సాగేలా వంచితే వంగింది. ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కొత్తది ఎలా బిగించాలో చెప్పండి. రెండో మిషన్ కిటికీని తీయకుండా పరీక్షించే దారి ఏదైనా ఉందా?

చర్లపల్లి_మోల్డింగ్ | బుధవారం, రాత్రి 9:50

అన్నా, షీటు మీద నా అనుమానం తప్పుకున్నట్టే. బిగింపు నేను చెప్తా, రోజూ చేసే పని.

వీలైతే బెజ్జాలే వద్దు. నాలుగు వైపులా ఫ్రేమ్‌లోకి బాగా లోపలికి దూరేలా పెట్టి పైనుంచి స్టీలు పట్టీతో నొక్కించు. లోపలికి సరిపడా దూరకపోతే దెబ్బకి షీటు వంగి ఫ్రేమ్‌లోంచి ఊడి వస్తుంది, అప్పుడు పగలకపోయినా లాభం లేదు. బెజ్జాలు తప్పవంటే స్క్రూ కన్నా పెద్దవి వేయాలి. పాలీకార్బొనేట్ మీటరు పొడవుకి 30 డిగ్రీల తేడాలో 2 మిల్లీమీటర్లు సాగుతుంది. కౌంటర్‌సంక్ స్క్రూ (తల షీటులోకి దిగేది) అసలు వాడొద్దు, వెడల్పు వాషర్ వేసి చేత్తో బిగుసుకున్నంతే. బెజ్జం అంచు డ్రిల్ గరుకు లేకుండా నున్నగా ఉండాలి. థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా వేసే జిగురు) ఒక్క చుక్క కూడా తగలనీయొద్దు. పట్టీ ఈపీడీఎం రబ్బరుది పెట్టు. మెత్తటి పీవీసీ పట్టీ పెడితే అందులోని నూనె షీటులోకి దిగుతుంది.

డెట్రాయిట్_నుంచి | బుధవారం, రాత్రి 10:05

కూలెంట్ వైపు పలచటి గాజు, బయట పాలీకార్బొనేట్, చుట్టూ సీల్ చేసిన కిటికీలు మిషన్ తయారీదారుల దగ్గర దొరుకుతాయి. ఖరీదు ఎక్కువే గానీ చిప్స్, కూలెంట్ రెండూ పాలీకార్బొనేట్‌కి తగలవు. అలాంటిదే తీసుకోమంటాను. సీల్ లోపల తేమ కనపడిందంటే మార్చేయాలి. మాన్యువల్‌లో మార్చాల్సిన గడువు రాసి ఉంటుంది, కిటికీ శుభ్రంగా కనిపిస్తోందని దాన్ని పొడిగించొద్దు.

రెండో మిషన్ కోసం: ల్యాప్‌టాప్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి కిటికీకి ఒక వైపు ఉంచండి. రెండో వైపు నుంచి పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుని, తల పక్కకి వంచుతూ చూడండి. ఎల్‌సీడీ స్క్రీన్ అయి ఉండాలి. ఒత్తిడి ఉన్న చోట రంగుల వలయాలు కనిపిస్తాయి. షీటు అంతటా లేత రంగులు ఉంటే కంగారు పడకండి, తయారీలో వచ్చేవి. బెజ్జం చుట్టూ దగ్గర దగ్గరగా చిక్కటి వలయాలుంటే అది బిగింపు ఒత్తిడి. క్రేజ్‌లు ఇందులో కనపడకపోవచ్చు, వాటికి టార్చి ఏటవాలుగా వేసి చూడాలి.

ఆటోనగర్_టర్నర్ | గురువారం, ఉదయం 11:15

ఇప్పుడే చూశాను. కింది అంచులో నాలుగు స్క్రూల చుట్టూ వలయాలు, అందులో రెండింటి దగ్గర టార్చికి గీతలు తళుక్కుమంటున్నాయి. కూలెంట్ డబ్బా మీద కాగితం చదివితే ట్రైఇథనాలమీన్ అని రాసి ఉంది, మాస్టారు చెప్పిన అమీన్లలో ఒకటి.

మిషన్ ఆపేశాను. డెట్రాయిట్ గారు చెప్పిన గాజు పొర కిటికీలు రెండింటికి మిషన్ కంపెనీ డీలర్‌ని కొటేషన్ అడిగాను, పది రోజులు పడుతుందట. అందాకా ఈ కిటికీ వెనక ఎవర్నీ నిలబడనివ్వను, జాబులు సెంటర్ లేత్ మీద నడిపిస్తాను. జా బోల్టుల సంగతి వేరే టాపిక్ పెట్టి అడుగుతాను.

పాలిమర్_మాస్టారు | గురువారం, మధ్యాహ్నం 1:20

మంచి పని చేశారు. ఆ అంచు ముక్కలు పారేయకండి, రెండు నాకు కొరియర్ చేస్తే పిల్లలకి మైక్రోస్కోప్ కింద చూపిస్తాను. అడ్రసు మెసేజ్‌లో పంపుతున్నాను.